ఎడమచేతి రీలు కోసం ఉద్దానం తీరానికి

ఈ ప్రయాణం ఒక ఫొటోతో మొదలైంది. నేను విశాఖపట్నంలో కట్టుడుపళ్లు తయారుచేసే ల్యాబులో పనిచేస్తాను. సెలవు దొరికితే గాలం పట్టుకుని సముద్రం ఒడ్డుకు పోతాను, మిగతా రోజుల్లో సాయంత్రాలు తెలిసినవాళ్ల రీళ్లు, అంటే గాలం దారం చుట్టే యంత్రాలు, విప్పి బాగుచేస్తుంటాను. ఈ బ్లాగు చదివేవాళ్లు తమ రీళ్ల ఫొటోలు పంపి సలహా అడగడం మామూలే. అలా వచ్చిన ఒక ఫొటోలో ఉప్పు పట్టిన పాత లో ప్రొఫైల్ రీలు (కర్ర మీద అణిగి కూర్చునే రకం), దాని పక్కనే ఒక మనిషి ఎడమచేయి ఉన్నాయి. మోచేతి కింద నరం బొటనవేలంత లావున ఉబ్బి మెలికలు తిరిగి ఉంది. కింద రాసిన మాట ఇది: "అమ్మా, ఈ సేతి మీద బరువు పడకూడదన్నారు. ఉప్పునీటికి తట్టుకునే రీలు ఏదైనా ఉంటే సెప్పండి. గాలం మానలేను."

రాసినాయన పేరు ఢిల్లేశ్వరరావు. శ్రీకాకుళం జిల్లా పూండి దగ్గర పల్లెలో జీడితోట, కొద్దిగా కొబ్బరి. ఉద్దానంలో చాలామందికి జరిగినట్టే ఆయనకూ కిడ్నీలు పోయాయి. సోమ, బుధ, శుక్రవారాల్లో పలాస వెళ్లి డయాలసిస్ చేయించుకుంటాడు. సూదులు గుచ్చడానికి వీలుగా ఎడమచేతిలో రెండు రక్తనాళాలను ఆపరేషన్ చేసి కలిపారు. దాన్ని ఫిస్టులా అంటారు. ఆ చేత్తో బరువు ఎత్తకూడదు, గడియారం కూడా కట్టుకోకూడదు. ఆయన పాత రీలుకు పిడి కుడివైపు ఉంది. అలాంటి రీలుతో కుడిచేత్తో విసిరాక గాలంకర్రను ఎడమచేతిలోకి మార్చుకుని, కుడిచేత్తో చుట్టాలి. అంటే చేప బరువంతా ఫిస్టులా చేతి మీదే పడుతుంది. పిడి ఎడమవైపున్న రీలైతే కర్ర కుడిచేతిలోనే ఉండిపోతుంది, ఎడమచేయి ఊరికే తిప్పితే చాలు. ఇది ఫోన్లోనే చెప్పొచ్చు. కానీ ఏ రీలు ఎంత తేలిగ్గా తిరుగుతుందో ఆ చేతికి ఇచ్చి చూస్తే తప్ప తెలియదు. బరువు లేకుండా తిప్పడానికి డాక్టరు అనుమతి అడగమన్నాను. అడిగాడు, పరవాలేదన్నారట. నా దగ్గరున్న ఎడమ పిడి రీళ్లు మూడు సంచిలో పెట్టుకుని, సోమవారం కూడా సెలవు రాయించుకుని, ఒక శనివారం పొద్దున్న బయలుదేరాను.

విశాఖ నుంచి పలాసకు రైల్లో మూడున్నర, నాలుగు గంటలు పడుతుంది. పొద్దున్నే ఎక్కితే ఎండ ముదిరేలోపు చేరొచ్చు. నౌపడ దాటేటప్పుడు కుడివైపు కూర్చుంటే ఉప్పుమడులు కనిపిస్తాయి. తెల్లటి కుప్పలు, వాటి మధ్య తలగుడ్డలు కట్టుకుని పనిచేసే మనుషులు. పూండిలో పాసింజర్లు మాత్రమే ఆగుతాయి. నేనెక్కింది ఎక్స్‌ప్రెస్ కాబట్టి పలాసలో దిగి వెనక్కి రావాల్సివచ్చింది.

స్టేషను బయట ఒక ఆటో డ్రైవరు నా చేతిలోని గాలంకర్రల గొట్టం చూసి ఎదురొచ్చాడు. "మీరేనేటమ్మా, రీళ్లమ్మ? నా పేరు ప్రకాశం. ఢిల్లేసు పంపినాడు" అన్నాడు. నలభై దాటిన మనిషి. సన్నటి చేతులు, పాదాలు మాత్రం వాచిపోయి ఉన్నాయి. చెప్పుల పట్టీలు పట్టక వాటిని సీటు పక్కన పడేసి ఒట్టికాళ్లతో నడుపుతున్నాడు. ఢిల్లేశ్వరరావు మీకు చుట్టమా అని అడిగితే నవ్వాడు. "బావ అని పిలుత్తానమ్మా. రక్తం పంచుకున్న బావ కాదు, రక్తం కడిగించుకున్న బావ. పలాసలో మా ఇద్దరివీ పక్కపక్క మంచాలు." అతను కూడా డయాలసిస్ మనిషేనని అప్పుడు తెలిసింది. ఆ మూడు రోజులూ తన ఆటోలోనే ఢిల్లేశ్వరరావును ఎక్కించుకెళ్లి, సూదులు పొడిపించుకుని, కాస్త తేరుకుని మళ్లీ తనే నడుపుకుంటూ వస్తాడట.

కాశీబుగ్గ దాటేవరకు జీడిపిక్కలు కాల్చే వాసన వెంటే వచ్చింది. తర్వాత రోడ్డుకు రెండువైపులా జీడితోటలు, కొబ్బరితోటలు మొదలయ్యాయి. మీరు సొంతంగా వెళ్లాలనుకుంటే పలాస నుంచి వజ్రపుకొత్తూరు వైపు షేర్ ఆటోలు దొరుకుతాయి, సీటుకు యాభై లోపే. సామాను ఉంటే మొత్తం ఆటో మాట్లాడుకోవడం మేలు. దారిలో ప్రకాశం రెండుసార్లు ఆటో ఆపాడు. ఆపిన ప్రతిసారీ హ్యాండిల్ మీద చేతులు ఆనించి, భుజాలు పైకి లేపి ఊపిరి పీల్చుకున్నాడు. కొద్దిగా ఐసు ఉన్న చిన్న ఫ్లాస్కు తీసి ఒక ముక్క నోట్లో వేసుకున్నాడు. "రోజుకింతే నీళ్లని కొలతమ్మా మాకు. ఐసు సప్పరిత్తే నోరు తడిగా ఉంటాది" అన్నాడు. పడుకోగలుగుతున్నారా అని అడిగాను. "పడుకుంటే ఊపిరాడతాలేదు. గోడకి ఆనుకుని కూకునే నిద్దరోతన్నాను" అని మామూలు విషయంలా చెప్పి ఆటో ముందుకు పోనిచ్చాడు.

ఢిల్లేశ్వరరావు ఇంటి ముందు అరుగు మీద పాత దినపత్రికలు పరిచి నాకోసం సిద్ధంగా ఉన్నాడు. పొడగరి. తోటపని చేసిన ఒళ్లు సడలిపోయి చొక్కా వదులుగా వేలాడుతోంది. ఆయన భార్య దమయంతి నాకు బొండం కొట్టించి తెచ్చింది. నాకొక్కదానికే. చుట్టూ అన్ని కొబ్బరిచెట్లున్నా ఆ మగవాళ్లిద్దరూ ఆ నీళ్లు ముట్టుకోకూడదు. అందులోని పొటాషియం ఒంట్లో పేరుకుని గుండె ఆగిపోతుందని చెప్పారట. నేను లోపలికెళ్లి తాగబోతే దమయంతి "ఇక్కడే తాగండమ్మా. ఆలకి అలవాటే" అంది. నాకు సయించలేదు, సగం తాగి పెట్టేశాను.

భోజనాలయ్యాక రీళ్లు బయటికి తీశాను. ఉప్పునీటి కోసం లో ప్రొఫైల్ రీలు కొనేవాళ్లు పెట్టె మీద రాసిన బేరింగుల సంఖ్య చూసి మోసపోతుంటారు. నేను ముందు చూసేది చట్రం. నా మూడింటిలో ఖరీదైనది మెగ్నీషియం చట్రంది. చేతిలో పెడితే ఉన్నట్టే తెలియదు. ఢిల్లేశ్వరరావు దాన్ని చూడగానే ముచ్చటపడ్డాడు. కానీ పైరంగు ఒక్కచోట గీసుకుపోతే చాలు, ఉప్పు అక్కడినుంచి లోపలికి తినేస్తుంది. చెరువులకూ మంచినీటి ఏళ్లకూ అది బాగుంటుంది. రెండోది చవకది. పైపైన మెరుస్తుంది. జేబులోని చిన్న అయస్కాంతాన్ని దాని మరల దగ్గర పెడితే టక్కున అతుక్కుంది. మామూలు ఇనుప మరలు ఒక వర్షాకాలం దాటవు. మూడోది నల్లటి గ్రాఫైట్ చట్రం, ఇత్తడి గేర్లు, తుప్పు పట్టని స్టీలు మరలు. అందంగా ఉండదు, కొంచెం బరువు. ఒక చుట్టుకు తక్కువ దారం లాగుతుంది కాబట్టి పిడి తిప్పడం తేలిక.

ఎండ తగ్గాక ముగ్గురం ప్రకాశం ఆటోలో తీరానికి వెళ్లాం. నిజానికి ఎదురుగాలి కొట్టే సముద్రపుటొడ్డున లో ప్రొఫైల్ రీలు విసరడం కష్టం. దారం చుట్టి ఉండే స్పూలు, బయటికి పోయే దారం కంటే వేగంగా తిరిగి దారమంతా గూడులా చిక్కుపడుతుంది. ఏరు సముద్రంలో కలిసే మొగల్లో, మడచెట్ల పక్కన గురిచూసి వేసేచోట దాని సుఖం తెలుస్తుంది. నౌపడ వైపు ఏటికి మర్నాడు వెళ్దామనుకున్నాం, ఈరోజు చేతికి పరీక్ష మాత్రమే. ఒక నీళ్లసీసాను దారానికి కట్టి, ఇసుక మీద ఈడ్చుకుంటూ మూడు రీళ్లతోనూ చుట్టమన్నాను. ఢిల్లేశ్వరరావు కుడిచేత్తో కర్ర పట్టుకుని ఎడమచేత్తో తిప్పుతుంటే ఆ ఉబ్బిన నరం వైపే చూస్తూ నిలబడ్డాను. మెగ్నీషియం రీలుకు బిగువు ఎక్కువైంది, మోచేయి దగ్గర లాగుతోందన్నాడు. నల్లదానికి ఏమీ అనలేదు. రెండుసార్లు చుట్టి, "ఇది నా సేతికి తెలిసిపోయిందమ్మా" అన్నాడు.

తర్వాత నల్లదానికి ఎర కట్టి నీళ్లలోకి వేశాడు. చాలాసేపటికి ఒక జెల్ల పడింది. మరీ పెద్దది కాదు, కానీ బరువుగా కిందికి లాగింది. చేప లాగినప్పుడు దారాన్ని వదిలే బిగింపును, అంటే డ్రాగ్‌ను, వదులుగా పెట్టాను కాబట్టి దారం కొంచెం కొంచెంగా పోయింది, ఆయన మెల్లగా తిప్పాడు. చేప ఇసుక మీదికొచ్చాక ఎడమచేతిని చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. ఫిస్టులాలో రక్తం పారుతుంటే గుంయ్‌మని చప్పుడొస్తుంది, అది వినపడితే చేయి క్షేమం. "పలుకుతన్నాది" అని ఆయన నవ్వాడు. ప్రకాశం ఇసుక మీద కూర్చుని చూస్తున్నాడు, లేవలేదు. "బావ, రేపు ఏట్లో పండుగప్ప నీదే" అన్నాడు.

ఇంటికి తిరిగొచ్చాక ఇంకా వెలుతురుంది. ప్రకాశం ఆటో సీటు కిందినుంచి తన రీలు తీసి నా ముందు పెట్టాడు. "ఇదీ ఓపాలి సూడండమ్మా. గరగరమంతంది" అన్నాడు. పాత రీలే, బాగా వాడినది. బేరింగులు కడగడానికి తన దగ్గరున్న సీసాలోంచి కాస్త పెట్రోలు మూతలో పోసిచ్చాడు. పిడి నట్టు, డ్రాగ్ చక్రం, పక్క మూత వరుసగా విప్పి, తీసిన వరుసలోనే పత్రిక మీద పేర్చాను. మీరూ అలాగే చేయండి, బిగించేటప్పుడు వెనకనుంచి వస్తే ఒక్క ముక్కా మిగలదు. గేరు అంచుల్లో ఆకుపచ్చ మరకలు ఉన్నాయి, అది పాత ఉప్పు. కానీ దారాన్ని అటూ ఇటూ సర్దే మర గాడిలో ఇసుక ఇంకా తడిగా ఉంది. గ్రీజుకు అంటుకుని ఒక చేపపొలుసు మెత్తగా, తేమగా వచ్చింది. మామూలుగానే అడిగాను, "ఇది నిన్నటిదేనా? నిన్న గాలానికి వెళ్లారా?"

ప్రకాశం పత్రిక మీది నట్టును వేలితో అటూ ఇటూ దొర్లించాడు. స్పూలు తుడుస్తున్న ఢిల్లేశ్వరరావు చేయి ఆగింది. "నిన్న శుక్రవారం" అన్నాడు. "నిన్న కిరాయుందనీసి, రెండో షిఫ్టుకి ఎల్తాననీసి నాతో సెప్పినావు. వేరే ఆటోలో పొమ్మన్నావు. నువ్వు ఏటికెల్లావా?"

"ఒక్కరోజే కదా బావ."

"బుధవారం నుంచి ఇప్పటిదాకా రక్తం కడగనేదా? నీ కాళ్లు సూసుకున్నావేటి?"

ప్రకాశం తల దించుకునే చెప్పాడు. "మంచం మీద పడుకుంటే పైకప్పు సూడ్డమే బావ. నాలుగు గంటలు అదే పైకప్పు. ఒక్క శుక్రవారం ఏరు సూడాలనిపించినాది. అంతే."

ఢిల్లేశ్వరరావు వెంటనే పలాసకు ఫోన్ చేశాడు. ఆ రోజు షిఫ్టులు అయిపోయాయి, మర్నాడు ఆదివారం సెలవు. ఆయాసం ఉంటే ఆగకుండా శ్రీకాకుళం పెద్దాసుపత్రికి తీసుకెళ్లమని అవతలి మనిషి గట్టిగా చెప్పాడు, నాకూ వినిపించింది. ఇప్పుడే వెళ్దామని దమయంతి అంది. నేనూ అన్నాను. ప్రకాశం ఒప్పుకోలేదు. "రేపు పొద్దున్న ఆరాధన ఉంది. అయిపోగానే ఎల్దాం. సుగుణకి సెప్పాల, బట్టలు సర్దుకోవాల" అన్నాడు. సుగుణ అతని భార్య. ఆరాధనంటే ఆదివారం చర్చి ప్రార్థన. ఢిల్లేశ్వరరావు ఆటో తాళం లాక్కోబోయాడు. ప్రకాశం చేయి వదిలించుకుని, "రీలు రేపు తీసుకుంతానమ్మా" అని నాతో చెప్పి ఆటో తీసుకెళ్లిపోయాడు. విప్పిన ముక్కలు అరుగు మీదే ఉండిపోయాయి. ఢిల్లేశ్వరరావు సుగుణకు ఫోన్ చేసి సంగతి మొత్తం చెప్పాడు. ఆవిడకు ఏమీ తెలియదు. నిన్న పలాస వెళ్లొచ్చాడనే అనుకుంటోంది.

ఆదివారం ఏటికి వెళ్లే ఆలోచన ఇక లేదు. ఆరాధన వేళకు పక్కింటివాళ్ల కారు మాట్లాడుకుని ఢిల్లేశ్వరరావు, నేను పూండి దగ్గరున్న ప్రకాశం ఇంటికి వెళ్లాం. ఆరాధన అయ్యేదాకా ఆగనవసరం లేకపోయింది. తెల్లచొక్కా వేసుకుని మందిరానికి వెళ్లినవాడు మొదటి పాటకే ఊపిరి అందక తిరిగొచ్చాడు. మంచం అంచున కూర్చుని మోకాళ్ల మీద చేతులు పెట్టి ముందుకు వంగి ఉన్నాడు. పెదాలు నల్లబడ్డాయి. సుగుణ వీపు రాస్తోంది. కారులో వెనక సీట్లో భార్యకూ ఢిల్లేశ్వరరావుకూ మధ్య కూర్చోబెట్టాం. నేను ముందు కూర్చున్నాను.

హైవే ఎక్కి టెక్కలి దాటాం. అతని ఊపిరిలో నీళ్లు గలగలమంటున్నట్టు చప్పుడు. కిటికీలన్నీ దించి ఉన్నా, గాలి మొహాన కొడుతున్నా, అతనికి గాలి చాలడంలేదు. దారిలో ఒక చిన్న ఆసుపత్రి దగ్గర ఆపుదామా అని డ్రైవరు అడిగాడు. అక్కడ డయాలసిస్ మెషీన్లు లేవు, నేరుగా పొమ్మని ఢిల్లేశ్వరరావు అన్నాడు. ఇంకాస్త దూరం పోయాక ప్రకాశం "నీళ్లు" అన్నాడు.

సుగుణ చేతిలో సీసా ఉంది. ఆవిడ మూత తియ్యలేదు. ఢిల్లేశ్వరరావు మొహం వంక చూసింది. ఇన్నేళ్లుగా కొలిచి కొలిచి పోసిన చేయి అది. ఢిల్లేశ్వరరావు ప్రకాశం కళ్లలోకి చూశాడు, అతని మణికట్టు పట్టుకుని నాడి చూశాడు. తర్వాత మెల్లగా అన్నాడు. "ఇచ్చీయమ్మా. తాగనీ."

ఆవిడకు అర్థమైంది. నోటికి చేయి అడ్డం పెట్టుకుని ఏడుస్తూనే మూత తీసి తాగించింది. సగం చొక్కా మీద ఒలికిపోయింది. అతను ఆగి ఆగి తాగాడు. "ఎన్నాళ్లయినాది బావ, ఇలగ తాగి" అన్నాడు. తర్వాత తల ఢిల్లేశ్వరరావు భుజం మీద వాల్చాడు. ఫిస్టులా ఉన్న ఎడమచేతి వైపు భుజం. ఆయన కదల్లేదు. శ్రీకాకుళం ఇంకా దూరం ఉండగానే ఆ గలగల ఆగిపోయింది. డ్రైవరు ఆసుపత్రి దాకా తీసుకెళ్లాడు. అక్కడి డాక్టర్లు చూసి, ప్రాణం పోయిందని చెప్పారు.

ఆ సాయంత్రమే మట్టి చేశారు. చర్చి సంఘంవాళ్లు పాట పాడారు. పొద్దున్న అతను సగంలో వదిలేసి వచ్చిన పాటే అదని ఎవరో అనుకోవడం వినిపించింది. సుగుణ చుట్టూ ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. ఆవిడ నన్ను చూసి ఒక్కటే అడిగింది. "శుక్రవారం ఏటికాడ సేప పడినాదేటమ్మా ఆయనకి?" పొలుసు దొరికిందని, పడే ఉంటుందని చెప్పాను. "మరి ఇంటికి తేనేదు" అంది. ఎవరికిచ్చాడో, మళ్లీ నీళ్లలోకే వదిలేశాడో మాకెవరికీ తెలియదు.

ఢిల్లేశ్వరరావు ఇంటికి తిరిగొచ్చేసరికి అరుగు మీద రీలు ముక్కలు అలాగే ఉన్నాయి. దమయంతి వాటిమీద బోర్లించిన గిన్నె తీశాను. ఢిల్లేశ్వరరావు వచ్చి పక్కన కూర్చున్నాడు. స్పూలు బేరింగుకు ఒక చుక్క నూనె, గేర్లకు పలుచగా గ్రీజు. పిడి వెనక్కి తిరగకుండా ఆపే బేరింగుకు మాత్రం గ్రీజు పెట్టలేదు, పెడితే జారుతుంది. నేను చేయి చాపినప్పుడల్లా ఆయన తరువాతి ముక్క అందించాడు. గరగర పోయింది. "సుగుణకిచ్చేత్తాను. ఉంచుకుంటాదో పారేత్తాదో ఆవిడ ఇట్టం" అన్నాడు. పత్రిక మడతపెడుతూ, "నాకూ ఆ పైకప్పే కదమ్మా. నాకూ అనిపిత్తాది" అన్నాడు. దమయంతి గుమ్మంలో నిలబడి అది వింది. లోపలికి వెళ్లిపోయింది.

సోమవారం డయాలసిస్ రోజు. తెల్లవారుతూనే మెయిన్ రోడ్డు మీద నిలబడి వేరే షేర్ ఆటో ఎక్కాం. ఢిల్లేశ్వరరావు, దమయంతి, నేను. నా రైలు మధ్యాహ్నం ఉంది. ఆసుపత్రిలో రోగితో పాటు ఒకరిని లోపలికి రానిస్తారు. దమయంతి బయటే కూర్చుని నన్ను పంపింది. "నాను రోజూ సూసేదే. మీరెల్లండి. ఇయ్యాల ఆయన ఒక్కడూ ఆ మంచాన్ని సూడకూడదు" అంది.

కానీ మంచం ఖాళీగా లేదు. ప్రకాశం పడుకునే చోట ఒకావిడ ఉంది. ఆవిడది మందస వైపు పల్లె. పలాసలో చోటు లేక ఇన్ని నెలలుగా శ్రీకాకుళం దాకా పోయి చేయించుకుంటోందట. పొద్దున్నే ఫోన్ చేసి ఖాళీ వచ్చింది రమ్మన్నారని, దేవుడు దయతలిచాడని ఆవిడ నర్సుతో చెబుతోంది. గొంతులో సంతోషం దాచుకోలేకపోతోంది. ఎందుకు ఖాళీ వచ్చిందో ఎవరూ చెప్పలేదు కాబోలు. ఢిల్లేశ్వరరావు తన మంచం మీద పడుకుని కళ్లు మూసుకున్నాడు. నేను గోడపక్కన నిలబడ్డాను.

నర్సు సూది చేతిలోకి తీసుకునేసరికి ఆవిడ చేయి వెనక్కి లాక్కుంది. కొత్తచోటు, కొత్తమనిషి, భయం. నర్సు రెండుసార్లు బతిమాలింది. అప్పుడు ఢిల్లేశ్వరరావు కళ్లు తెరిచి ఆవిడ వైపు తిరిగాడు. "సూది ఏపు సూడకమ్మా. నా ఏపు సూడు. మీ ఊరేటి? సెప్పు" అన్నాడు. ఆవిడ ఊరిపేరు చెప్పింది. తోట ఎంతుంది, పిల్లలెంతమంది అని అడుగుతూనే ఉన్నాడు. ఆవిడ చెబుతుండగానే సూదులు రెండూ లోపలికి పోయాయి. గొట్టాలు ఎర్రబడ్డాయి. నేను వెళ్లొస్తానని చేయెత్తితే ఆయన కుడిచేయి ఎత్తాడు. నల్లరీలు ఆయన ఇంట్లోనే వదిలి వచ్చాను.

రెండున్నర రోజుల ప్రయాణం. మూడు రీళ్లలో ఏది ఉప్పుకు తట్టుకుంటుందో తేల్చుకోవడానికి వెళ్లాను, అది తేలింది. గ్రాఫైట్ చట్రం, ఇత్తడి గేర్లు, తుప్పు పట్టని మరలు, తేలిగ్గా తిరిగే ఎడమ పిడి, వాడిన రోజే తుడుచుకునే ఓపిక. ఇవి ఉంటే ఈ తీరంలో రీలు చాలాకాలం పనిచేస్తుంది. మనుషుల సంగతి నాకు తేలలేదు. ఒక మనిషి తన వంతు మానుకుని ఏటి ఒడ్డున కూర్చున్న ఆ శుక్రవారాన్ని తప్పనాలో ఏమనాలో రైల్లో కూర్చున్నంతసేపూ ఆలోచించాను. నౌపడ ఉప్పుమడులు మళ్లీ వచ్చాయి, పోయాయి. ఆ వారం ఢిల్లేశ్వరరావు డయాలసిస్‌కు బుధవారం వెళ్లాడు, శుక్రవారం వెళ్లాడు. వెళ్లిన ప్రతిసారీ దమయంతి ఫోన్ చేసి నాకు చెబుతోంది. నేను అడగలేదు. ఆవిడకు ఎవరితోనైనా చెప్పుకోవాలని ఉంది.

మీరు ఈ తీరానికి గాలం పట్టుకుని వెళ్తే ఊళ్లోవాళ్లు సంతోషంగా తోడొస్తారు, మంచి చోట్లు చూపిస్తారు. వాళ్లలో డయాలసిస్ చేయించుకునేవాళ్లు ఉంటే, ఎర కట్టకముందే కిందటి వంతు అయిందా అని అడగండి. కాలేదంటే కర్రలు సర్దేసి, వాళ్లెంత వద్దన్నా అప్పుడే ఆసుపత్రికి తీసుకెళ్లండి. మర్నాటి దాకా ఆగకండి.